టీనేజ్ పిల్లలు ఉద్యోగం చేస్తుంటే అమెరికా ట్యాక్స్ రిటర్న్‌లో డిపెండెంట్‌గా చూపించవచ్చా? తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాల్లో పిల్లలకు పదహారు, పదిహేడేళ్లు రాగానే ఏదో ఒక పని మొదలవుతుంది. గ్రోసరీ స్టోర్‌లో బిల్లింగ్, స్విమ్మింగ్ పూల్ దగ్గర లైఫ్‌గార్డ్, చిన్న పిల్లలకు లెక్కలు చెప్పడం. జనవరి చివర్లో కంపెనీ నుంచి డబ్ల్యూ-2 (ఏడాది జీతం, పట్టిన పన్ను వివరాల ఫారం) ఇంటికి రాగానే టెన్షన్ కూడా మొదలవుతుంది. ఆ సమయంలో తల్లిదండ్రులు ఎక్కువగా అడిగే ప్రశ్నలకు జవాబులు ఇవి. అంకెలన్నీ 2025 సంవత్సరానివి, అంటే 2026 ఏప్రిల్ 15 లోపు ఫైల్ చేసే రిటర్న్‌కి సంబంధించినవి.

మా అబ్బాయికి 17 ఏళ్లు. పోయిన ఏడాది తొమ్మిది వేల డాలర్లు సంపాదించాడు. ఇంకా మా డిపెండెంట్‌గా, అంటే మా పోషణలో ఉన్నవాడిగా, చూపించవచ్చా?

చూపించవచ్చు. తొమ్మిది వేలు కాదు, ఇరవై వేలు సంపాదించినా చూపించవచ్చు. సొంత పిల్లల విషయంలో, వయసు పరిమితి లోపల ఉన్నంత కాలం, సంపాదనకు పరిమితి లేదు. చాలామంది వినే 5,200 డాలర్ల పరిమితి వేరే వర్గానికి చెందింది. వయసు దాటిన పిల్లలు, మనతో ఉండే తల్లిదండ్రులు, ఇతర బంధువులను చూపించేటప్పుడు అది వర్తిస్తుంది. ఈ రెండు వర్గాలను కలిపేసుకుని, పిల్లాడిని అనవసరంగా రిటర్న్ నుంచి తీసేసేవాళ్లు చాలామంది ఉన్నారు.

మరి వాడి జీతం మా ఆదాయంలో కలిపి చూపించాలా?

వద్దు. ఈ అనుమానం ఇండియా నుంచి వచ్చింది. అక్కడ ఆదాయపు పన్ను చట్టంలో మైనర్ పిల్లల వడ్డీలాంటి ఆదాయాన్ని తల్లిదండ్రుల ఆదాయంలో కలిపే పద్ధతి ఉంది. అక్కడ కూడా పిల్లలు సొంత కష్టంతో, నైపుణ్యంతో సంపాదించింది కలపరు. అమెరికాలో పిల్లల జీతం ఎప్పుడూ పిల్లలదే. ఫైల్ చేయాల్సి వస్తే వాళ్ల పేరుతో, వాళ్ల సోషల్ సెక్యూరిటీ నంబర్‌తో వేరే రిటర్న్ వేయాలి. మీ రిటర్న్‌లో వాళ్ల పేరు మాత్రమే ఉంటుంది, జీతం ఉండదు.

సంపాదన అడ్డు కాకపోతే, అసలు ఏం చూస్తారు?

మొదటిది వయసు. డిసెంబరు 31 నాటికి 19 నిండకూడదు. ఫుల్‌టైమ్ విద్యార్థి అయితే 24 నిండకూడదు. ఏడాదిలో ఏవైనా ఐదు నెలల్లో కొన్ని రోజులైనా ఫుల్‌టైమ్ చదివితే ఆ ఏడాదికి విద్యార్థి కిందే లెక్క, ఆ ఐదు నెలలు వరసగా ఉండక్కర్లేదు. మీ అమ్మాయి మే నెలలో హైస్కూల్ పూర్తి చేసి, అక్టోబరులో 19 నిండి, కాలేజీకి వెళ్లకుండా ఉద్యోగంలో చేరిందనుకోండి. జనవరి నుంచి మే వరకు ఐదు నెలలు అయ్యాయి కాబట్టి ఆ ఏడాదికి ఆమె విద్యార్థే. ఆ మరుసటి ఏడాది కూడా చదువు లేకుండా ఉద్యోగమే చేస్తే కథ మారుతుంది. అప్పుడు 5,200 డాలర్ల పరిమితి అడ్డొస్తుంది.

రెండోది, ఏడాదిలో సగం కన్నా ఎక్కువ రోజులు మీతో ఉండాలి. కాలేజీ హాస్టల్లో ఉన్న రోజులు ఇంట్లో ఉన్నట్టే లెక్కిస్తారు. మూడోది, పెళ్లయి జీవిత భాగస్వామితో కలిసి జాయింట్ రిటర్న్ వేసి ఉండకూడదు. టీనేజ్ పిల్లలకు ఇది దాదాపుగా రాదు. నాలుగోది పోషణ ఖర్చు. ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే కాబట్టి దాన్ని విడిగా చూద్దాం.

పోషణ ఖర్చు లెక్క ఎలా వేయాలి? మా అమ్మాయి 16,000 సంపాదించింది, భయంగా ఉంది.

నిబంధన ఇది: పిల్లలు తమ పోషణ ఖర్చులో సగానికి మించి తామే భరించకూడదు. సంపాదించింది ఎంత అన్నది ప్రశ్న కాదు. సంపాదించిన దాంట్లో తమ కోసం ఎంత ఖర్చు పెట్టుకున్నారన్నదే ప్రశ్న. బ్యాంకులో దాచుకున్న డబ్బు ఖర్చు కాదు కాబట్టి లెక్కలోకి రాదు.

ఒక ఇంటి లెక్క చూద్దాం. అమ్మాయి ఉండే గది అద్దెకిస్తే ఎంత వస్తుందో అంచనా వేసి ఏడాదికి 7,200 అనుకుందాం. తిండి 3,600. ఇన్సూరెన్స్, ఫోన్, బట్టలు 2,200. మీరు కట్టిన కమ్యూనిటీ కాలేజీ ఫీజు 6,000. ఇవన్నీ కలిపి మీ వాటా 19,000. అమ్మాయి తన జీతంలోంచి పెట్రోలుకి, స్నేహితులతో తిరగడానికి, షాపింగ్‌కి 4,000 ఖర్చు పెట్టి మిగిలిన 12,000 దాచుకుంది. మొత్తం పోషణ 23,000, సగం 11,500. ఆమె పెట్టింది 4,000 మాత్రమే. ఇబ్బంది లేదు, మీ డిపెండెంటే.

ఇప్పుడు అదే అమ్మాయి, అంతకు ముందు ఏడాది దాచుకున్నది కూడా కలిపి, తన పేరు మీద 16,000 పెట్టి కారు కొనుక్కుంది అనుకోండి. కారు ధర ఆ ఏడాది పోషణ ఖర్చులోకి వస్తుంది. మొత్తం 39,000, సగం 19,500, ఆమె వాటా 20,000. ఐదు వందల తేడాతో ఆ ఏడాదికి ఆమె మీ డిపెండెంట్ కాకుండా పోయింది. అందుకే పిల్లలు పెద్ద వస్తువు కొనే ముందు ఒకసారి ఈ లెక్క వేయమంటాను. కారు డబ్బులో కొంత మీరు సర్దినా అంకె మారిపోతుంది.

మరో రెండు విషయాలు. స్కాలర్‌షిప్ డబ్బు విద్యార్థి సొంత పోషణ కింద లెక్కించరు. కానీ పిల్లలు తమ పేరు మీద తీసుకున్న స్టూడెంట్ లోన్ మాత్రం వాళ్లు పెట్టిన ఖర్చు కిందే వస్తుంది.

జీతం తక్కువే కదా, పిల్లలు రిటర్న్ వేయాలా?

డబ్ల్యూ-2 జీతం తప్ప వేరే ఆదాయం లేకపోతే 15,750 డాలర్లు దాటే వరకు ఫెడరల్ రిటర్న్ వేయక్కర్లేదు. కానీ వేయక్కర్లేదు అంటే వేయకూడదని కాదు. డబ్ల్యూ-2 లో రెండో బాక్సు చూడండి. వేసవిలో వారానికి ఎక్కువ గంటలు పనిచేసినప్పుడు కంపెనీ ఏడాదంతా అలాగే సంపాదిస్తారనుకుని పన్ను పట్టేస్తుంది. 6,800 డాలర్ల జీతంలో 330 పట్టారనుకోండి, రిటర్న్ వేస్తే ఆ 330 పూర్తిగా వెనక్కి వస్తుంది. వేయకపోతే రాదు. అడగడానికి మామూలుగా మూడేళ్ల గడువు ఉంటుంది.

సోషల్ సెక్యూరిటీ కింద పట్టిన 6.2 శాతం, మెడికేర్ కింద పట్టిన 1.45 శాతం మాత్రం రావు. ఆ 6,800 మీద ఇవి రెండూ కలిపి 520 డాలర్ల పైనే. ఇంత కష్టపడితే ఇదంతా ఎందుకు పోయిందని పిల్లలు అడుగుతారు. అది రేపు వాళ్ల పెన్షన్ ఖాతాలో జమయ్యే పని చరిత్ర అని ఓపికగా చెప్పండి.

రాష్ట్రం సంగతి వేరు. టెక్సాస్, వాషింగ్టన్, ఫ్లోరిడాలో జీతం మీద రాష్ట్ర పన్ను లేదు. న్యూజెర్సీలో ఒంటరిగా ఫైల్ చేసేవాళ్లకు 10,000 దాటితే రిటర్న్ వేయాలి. మీ రాష్ట్రం పరిమితి విడిగా చూసుకోవాలి.

పిల్లలు తమ రిటర్న్ వేసుకుంటే, మేం వాళ్లను చూపించకూడదా?

చూపించవచ్చు. రెండూ ఒకేసారి చెల్లుతాయి. కావాల్సిందల్లా ఒక్క టిక్కు. 1040 ఫారంలో ‘నన్ను వేరొకరు డిపెండెంట్‌గా చూపించవచ్చు’ అనే అర్థం వచ్చే గడి ఉంటుంది. పిల్లల రిటర్న్‌లో అక్కడ తప్పకుండా టిక్కు పెట్టాలి. సాఫ్ట్‌వేర్‌లో అయితే అదే విషయం ప్రశ్నగా వస్తుంది, దానికి అవునని చెప్పాలి. అక్కడ అడిగేది చూపించవచ్చా అని మాత్రమే, చూపిస్తున్నారా అని కాదు. మీరు చూపించకూడదని నిర్ణయించుకున్నా, మీకు ఆ అర్హత ఉంటే పిల్లలు ఆ టిక్కు పెట్టాల్సిందే.

ఈ పేజీలో ఒక్క విషయమే గుర్తుపెట్టుకుంటానంటే దీన్నే పెట్టుకోండి. ఫిబ్రవరిలో పిల్లాడు రిఫండ్ కోసం ఫోన్‌లో పది నిమిషాల్లో ఫైల్ చేసేసి, ఆ ప్రశ్నకు కాదని నొక్కేస్తాడు. మార్చిలో మీరు ఫైల్ చేస్తే మీ రిటర్న్ తిరస్కరిస్తారు. పైగా వాడికి దానివల్ల పైసా లాభం ఉండదు. డిపెండెంట్ అయినా జీతానికి 450 కలిపినంత స్టాండర్డ్ డిడక్షన్ వస్తుంది, గరిష్ఠంగా 15,750. 6,800 సంపాదించిన వాడికి 7,250 డిడక్షన్, పన్ను సున్నా. టిక్కు పెట్టినా పెట్టకపోయినా వాడి రిఫండ్ 330 డాలర్లే. మీకు మాత్రం 500 నుంచి 2,200 డాలర్ల క్రెడిట్ ఆగిపోతుంది. అందుకని పిల్లల మొదటి రిటర్న్ వాళ్ల పక్కన కూర్చుని మీరే చేయించండి. వాళ్లకీ తెలుస్తుంది.

నేనే ఆ తప్పు చేశాను. ఆ గడిలో టిక్కు పెట్టకుండా ఫైల్ చేసేశాను, నాన్నగారి రిటర్న్ ఆగిపోయింది. ఇప్పుడేం చేయాలి?

కంగారు పడకండి, సరిచేసుకోవచ్చు. మీ రిఫండ్ వచ్చేదాకా ఆగి, 1040-ఎక్స్ అనే సవరణ రిటర్న్ వేసి ఆ గడి సరిచేయండి. నాన్నగారు మీ సవరణ పూర్తయ్యే వరకు ఆగక్కర్లేదు. అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్ ఇచ్చే ఆరంకెల ఐడెంటిటీ ప్రొటెక్షన్ పిన్ తీసుకుని, దాంతో మళ్లీ ఈ-ఫైల్ చేస్తే తీసుకుంటారు. 2024 సంవత్సరపు రిటర్న్‌ల నుంచి ఈ వెసులుబాటు వచ్చింది. పిన్ లేకపోతే కాగితం మీద ప్రింట్ తీసి పోస్టులో పంపాలి. గడువు ఏప్రిల్ 15 అన్నది మర్చిపోవద్దు.

ఎవరూ సవరించకపోతే కొన్నాళ్లకు ఐఆర్ఎస్ నుంచి దీని గురించి ఉత్తరం రావచ్చు. చూపించే అర్హత ఉన్నవాళ్లు దానికి భయపడక్కర్లేదు, తప్పుగా వేసినవాళ్లు సవరించుకోవాలి.

పోయిన ఏడాది వచ్చిన క్రెడిట్ ఈసారి బాగా తగ్గింది. పిల్లాడు పనిచేయడం వల్లేనా?

కాదు, 17 నిండడం వల్ల. చైల్డ్ ట్యాక్స్ క్రెడిట్ డిసెంబరు 31 నాటికి 17 నిండని పిల్లలకే వస్తుంది. 2025కి అది 2,200 డాలర్లు. 17 నిండిన ఏడాది నుంచి దాని స్థానంలో 500 డాలర్ల క్రెడిట్ వస్తుంది. చాలామంది పిల్లలకు మొదటి ఉద్యోగం కూడా అదే వయసులో రావడంతో జీతమే కారణమని పొరబడతారు. భార్యాభర్తల ఉమ్మడి ఆదాయం 4,00,000 డాలర్లు దాటితే ఈ క్రెడిట్లు రెండూ క్రమంగా తగ్గుతాయి.

మేం హెచ్-1బీ మీద ఉన్నాం, పిల్లలు హెచ్-4. వాళ్ల సంగతి?

ముందు ఒక మాట. హెచ్-4 మీద ఉన్న పిల్లలు ఇక్కడ పని చేయకూడదు. హెచ్-4 వర్క్ పర్మిట్ కొందరు జీవిత భాగస్వాములకే ఉంది, పిల్లలకు లేదు. తెలిసినవాళ్ల షాపులో నగదు తీసుకుని చేసినా అది పనే. పిల్లల భవిష్యత్తు వీసాతో ముడిపడి ఉన్నప్పుడు నాలుగు వందల డాలర్ల కోసం ఆ రిస్కు తీసుకోవద్దని గట్టిగా చెప్తాను.

ఐటీఐఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబర్ రానివాళ్లకు ఐఆర్ఎస్ ఇచ్చే పన్ను నంబర్) ఉండి, మీతో అమెరికాలోనే ఉంటున్న పిల్లలను డిపెండెంట్‌గా చూపించవచ్చు. 17 నిండకపోయినా వాళ్లకు 2,200 రాదు, 500 వస్తుంది. ఎందుకంటే పెద్ద క్రెడిట్‌కి పని చేయడానికి చెల్లే సోషల్ సెక్యూరిటీ నంబర్ కావాలి. 2025 నుంచి జాయింట్ రిటర్న్‌లో తల్లిదండ్రుల్లో కనీసం ఒకరికైనా అలాంటి నంబర్ ఉండాలి, హెచ్-1బీ వాళ్లకు అది ఎలాగూ ఉంటుంది.

గ్రీన్‌కార్డ్ చివరి దశలో ఐ-485 వేసినప్పుడు పిల్లలకూ వర్క్ పర్మిట్ తీసుకుంటే, దాంతో సోషల్ సెక్యూరిటీ కార్డు వస్తుంది. ఆ కార్డు మీద హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీ అనుమతితో మాత్రమే పనికి చెల్లుతుందని రాసి ఉన్నా, ఆ అనుమతి అమల్లో ఉన్నంత కాలం పెద్ద క్రెడిట్‌కి పనికొస్తుంది. రిటర్న్ గడువు లోపు నంబర్ వచ్చి ఉండాలి.

21 దగ్గరపడి హెచ్-4 నుంచి ఎఫ్-1 కి మారిన పిల్లల విషయంలో జాగ్రత్త. ఎఫ్-1 విద్యార్థి సాధారణంగా మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు పన్ను లెక్కల్లో నాన్‌రెసిడెంట్. నాన్‌రెసిడెంట్‌ను డిపెండెంట్‌గా చూపించడం కుదరదు. మారిన ఏడాది లెక్క ఇంకా చిక్కుగా ఉంటుంది, దానికి తెలిసిన సీపీఏ దగ్గరికి వెళ్లండి.

అమ్మాయి చుట్టుపక్కల పిల్లలకు ట్యూషన్ చెప్తుంది. నగదు రూపంలో, జెల్ (Zelle) ద్వారా డబ్బు వస్తుంది. అదీ చూపించాలా?

చూపించాలి. ఎక్కువమందికి తెలియకుండా తగిలే దెబ్బ ఇదే. జీతానికి 15,750 వరకు మినహాయింపు ఉన్నా, సొంతంగా చేసే పనికి ఖర్చులు పోను 400 డాలర్లు మిగిలితే చాలు, రిటర్న్ వేయాలి. డబ్బు ఇచ్చినవాళ్ల నుంచి 1099 ఫారం వచ్చినా రాకపోయినా అంతే. ట్యూషన్ మీద 3,000 మిగిలితే ఆదాయపు పన్ను సున్నా కావచ్చు, కానీ సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ ట్యాక్స్ దాదాపు 424 డాలర్లు కట్టాలి. పుస్తకాలు, ప్రింట్లు, పెట్రోలు ఖర్చులు ఎప్పటికప్పుడు ఒక నోట్‌బుక్‌లో రాసుకోమనండి, అవి తీసేశాకే పన్ను. ఇంత కట్టినా అమ్మాయి మీ డిపెండెంట్‌గానే ఉంటుంది.

మాకు సొంత స్టోర్ ఉంది. మా పిల్లాడికే జీతం ఇస్తే?

వ్యాపారం మీ ఒక్కరి పేరు మీద ఉన్నా, భార్యాభర్తలిద్దరే భాగస్వాములుగా ఉన్నా, 18 నిండని సొంత పిల్లల జీతం మీద సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పట్టక్కర్లేదు. కార్పొరేషన్ అయితే ఈ వెసులుబాటు లేదు. పని నిజంగా చేయాలి, గంటల లెక్క ఉండాలి, జీతం ఆ పనికి బయట ఇచ్చేంతే ఉండాలి. పేరుకు జీతం రాసి ఇంటి ఖర్చు వ్యాపారంలో చూపిస్తే ఆడిట్‌లో నిలవదు.

తాతగారు మనవడి పేరు మీద హైదరాబాద్ బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేశారు. దాని వడ్డీ?

అమెరికాలో పన్నుకి లోబడిన పిల్లలకు ఏ దేశంలో వడ్డీ వచ్చినా ఇక్కడ చూపించాలి. ఎన్ఆర్ఈ డిపాజిట్ వడ్డీకి ఇండియాలో పన్ను లేకపోయినా ఇక్కడ ఉంది.

జీతం, వడ్డీ రెండూ ఉంటే రిటర్న్ వేయాల్సిన పరిమితి మారిపోతుంది. 1,350 డాలర్లు లేదా జీతం ప్లస్ 450, వీటిలో ఏది ఎక్కువైతే దాన్ని మొత్తం ఆదాయం దాటితే వేయాలి. జీతం 5,000, వడ్డీ 1,000 అయితే మొత్తం 6,000. పరిమితి 5,450. కాబట్టి వేయాలి, 550 మీద పది శాతం చొప్పున 55 డాలర్ల పన్ను కట్టాలి. వడ్డీ, డివిడెండ్లు, షేర్ల లాభాలు 2,700 దాటితే ఆ పైది తల్లిదండ్రుల రేటులో పడుతుంది. దీన్నే కిడ్డీ ట్యాక్స్ అంటారు.

పిల్లల పేరున ఇండియాలో ఉన్న ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే, పిల్లల పేరుతో ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల వివరాలు తెలిపే ఫారం) కూడా వేయాలి. చిన్నవాళ్ల తరఫున మీరు వేయవచ్చు. ఇది ట్యాక్స్ రిటర్న్‌తో పాటు వెళ్లదు, విడిగా వేయాలి.

కాలేజీలో చేరాక వాడే సొంతంగా చూపించుకుంటే ఎడ్యుకేషన్ క్రెడిట్ వస్తుందంటున్నారు. నిజమేనా?

కొన్ని ఇళ్లలో నిజం. అమెరికన్ ఆపర్చునిటీ క్రెడిట్ గరిష్ఠంగా 2,500 డాలర్లు. జాయింట్‌గా వేసే తల్లిదండ్రుల ఆదాయం 1,80,000 దాటితే వాళ్లకు రాదు. ఇద్దరూ ఐటీలో ఉన్న మన కుటుంబాలు చాలావరకు ఆ గీత దాటేసి ఉంటాయి. అలాంటప్పుడు మీరు పిల్లాడిని చూపించకుండా వదిలేస్తే, వాడు తన పన్ను మేరకు ఆ క్రెడిట్ తీసుకోవచ్చు. నన్ను చూపించవచ్చు అన్న టిక్కు అప్పుడూ ఉండాలి.

అయితే లెక్క వేయకుండా వదలొద్దు. వాడి జీతం 18,000 అయితే పన్నే 225 డాలర్లు, క్రెడిట్ కూడా అంతే పనికొస్తుంది. దాని కోసం మీరు 500 వదులుకోవడం నష్టం. అదే మే నెలలో డిగ్రీ అయి, వేసవి చివర్లో ఉద్యోగంలో చేరి, డిసెంబరుకి 60,000 సంపాదించిన 22 ఏళ్ల పిల్లాడైతే పన్ను దాదాపు 5,070. 2,500 పూర్తిగా కలిసొస్తుంది. ఆ ఏడాది మీరు వదులుకోవడమే మంచిది. ఇంత సంపాదించినవాడు ఇంకా మా డిపెండెంట్ ఎలా అవుతాడని అడగొద్దు, ఐదు నెలలు చదివాడు, 24 నిండలేదు, పోషణలో సగం వాడు పెట్టుకోలేదు. నిబంధనలు అన్నీ సరిపోయాయి.

డిపెండెంట్‌గా చూపించకపోతే కాలేజీ సహాయం ఎక్కువ వస్తుందా?

రాదు. కాలేజీ సహాయానికి వేసే దరఖాస్తు ఫాఫ్సాలో డిపెండెంట్ నిర్వచనం వేరు. దానికి ట్యాక్స్ రిటర్న్‌తో సంబంధం లేదు. పెళ్లి, సైన్యం లాంటి కారణాలు లేకపోతే 24 ఏళ్ల వరకు మీ ఆదాయమే చూస్తారు.

మేం విడిపోయాం. ఎవరు చూపించాలి?

మామూలుగా పిల్లలు ఎక్కువ రాత్రులు ఎవరి దగ్గర ఉంటే వాళ్లు. వాళ్లు 8332 ఫారం మీద సంతకం చేసి ఇస్తే రెండోవాళ్లు చూపించుకోవచ్చు. విడాకుల ఒప్పందంలో రాసుకున్నా ఈ ఫారం కావాలి.

జీతం దాచుకోవడానికి మంచి దారి ఏమైనా ఉందా?

రోత్ ఐఆర్ఏ అనే రిటైర్‌మెంట్ ఖాతా. కష్టపడి సంపాదించినంత వరకు, 2025కి గరిష్ఠంగా 7,000 డాలర్లు వేయవచ్చు. పిల్లాడు తన జీతం ఖర్చు పెట్టుకున్నా, అంత మొత్తం మీరు బహుమతిగా ఇచ్చి అందులో వేయించవచ్చు. పదిహేడేళ్ల వయసులో వేసిన డబ్బుకి పెరగడానికి నలభై ఏళ్ల పైనే సమయం ఉంటుంది. ట్యూషన్ డబ్బు కూడా పనికొస్తుంది, కానీ రిటర్న్‌లో చూపించి ఉండాలి.

వచ్చే వేసవిలో అసలు పన్నే పట్టకుండా చేయవచ్చా?

ఉద్యోగంలో చేరేటప్పుడు ఇచ్చే డబ్ల్యూ-4 ఫారంలో ఎగ్జెంప్ట్ అని పెట్టవచ్చు. పోయిన ఏడాది పన్ను బాకీ సున్నా అయి ఉండాలి, ఈ ఏడాదీ సున్నానే అవుతుందని అనుకోవాలి. ఈ రెండూ ఉంటేనే. ఇది ఆ ఒక్క ఏడాదికే చెల్లుతుంది. అదే ఉద్యోగంలో కొనసాగితే మరుసటి ఏడాది ఫిబ్రవరి 15 లోపు కొత్త ఫారం ఇవ్వాలి, లేకపోతే మళ్లీ పట్టడం మొదలుపెడతారు.